నిలువు విశ్రాంతిపై ప్రజాభిప్రాయం

ప్రకటన పేపరు ఆరో పేజీలో, తప్పిపోయిన కుక్కకూ మొలల మందుకూ మధ్య పడింది. బస్‌స్టాపుల్లో బెంచీలు తొలగించి వాటి స్థానంలో ఆధునిక నిలువు విశ్రాంతి వ్యవస్థ ఏర్పాటు చేసే విషయమై విధాన విచారణ సంఘాన్ని నియమించారట. ప్రజలు తమ అభిప్రాయాలను ముప్ఫై రోజుల్లోగా లిఖితపూర్వకంగా పంపాలట. చివర్న లావు అక్షరాల్లో, "మీ అభిప్రాయం మాకు అమూల్యం" అని ఉంది.

వదిన దాన్ని రెండుసార్లు చదివింది. మూడోసారి కళ్ళజోడు తుడుచుకుని చదివింది.

ఆవిడ ముప్ఫై ఒక్క ఏళ్ళు బట్టల కొట్టులో పనిచేసింది. అక్కడ తోటి అమ్మకందార్లంతా వదినా అని పిలిచేవారు. ఆ పిలుపు కొట్టు దాటి వీధిలోకి వచ్చేసింది. కూరగాయల బండివాడికీ వదినే, ఎదురింటి టైలరుకూ వదినే. నిజంగా ఆ వరసయ్యేది మాత్రం ఒక్కరికే. భర్త చెల్లెలు, ప్రభుత్వ ఆఫీసులో టైపిస్టు. ఆ మరదలు వాళ్ళింట్లోనే వెనక గదిలో ఉంటుంది. భర్త గడియారాలు బాగుచేస్తాడు. వీధి మొదట్లో అలమరా అంత కొట్టు, అందులో ఆయన కూర్చుంటే ఇంకెవరూ పట్టరు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో ఒకరు కూర్చుని సంపాదించారు, ఒకరు నిలబడి సంపాదించారు. ఆ తేడా గురించి ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

"నిలువు విశ్రాంతి అంటే ఏంటమ్మా?" అని అడిగింది వదిన, ఆఫీసుకు బయల్దేరుతున్న మరదల్ని.

"కడ్డీ వదినా. నడుమెత్తున అడ్డంగా ఒక ఇనుప కడ్డీ బిగిస్తారు. దానికి ఆనుకుని నిలబడాలి."

"దాన్ని విశ్రాంతి అంటారా?"

"మా ఫైల్లో అంటారు."

"మీ ఫైలేంటి?"

"ఆ సంఘానికి నన్నే టైపిస్టుగా వేశారు. మొన్న సోమవారం నుంచి."

వదిన ముఖం వెలిగిపోయింది. "అయితే నేను రాస్తే నీ చేతికే వస్తుందన్న మాట!"

మరదలు చెప్పు వేసుకుంటున్న చోటే ఆగింది. రాయొద్దని చెబుదామనుకుంది. కానీ అరవై మూడేళ్ళ మనిషి, ఏ విషయంలోనూ ఎవరూ ఏమీ అడగని మనిషి, తననెవరో అభిప్రాయం అడిగారని అంత మురిసిపోతుంటే నోరు రాలేదు. "రాయి వదినా, మార్జిన్ మాత్రం వదులు" అని వెళ్ళిపోయింది.

మార్జిన్ మాట ఊరికే అనలేదు. ఆ సెక్షన్ అధికారిని వెనక అందరూ మార్జిన్ సారు అంటారు. ఏ కాగితం వచ్చినా ముందు స్కేలు తీసి ఎడమపక్క అంగుళంన్నర ఉందో లేదో కొలుస్తాడు. లేకపోతే అందులో ఏముందో ఆయనకు అక్కర్లేదు. ఉన్నా అక్కర్లేదనుకోండి, కానీ ఫైల్లో పెడతాడు.

సంఘం ఉన్నది మూడో అంతస్తులో. లిఫ్టు రెండో అంతస్తు దాకానే వెళ్తుంది. మొదటి రోజే మార్జిన్ సారు మరదలి బల్ల మీద మూడు అట్టపెట్టెలు పెట్టించాడు. ఒకదాని మీద "అనుకూలం" అని, రెండోదాని మీద "సూచనలతో అనుకూలం" అని, మూడోదాని మీద "అసంబద్ధం" అని చీటీలు అంటించాడు.

"వ్యతిరేకం ఎందులో వెయ్యాలి సార్?"

ఆయన జాలిగా చూశాడు. "వ్యతిరేకానికి పెట్టె పెడితే జనం వ్యతిరేకిస్తారమ్మా."

ఉత్తరాలు రావడం మొదలుకాక ముందే నివేదిక తయారై ఉంది. నూట నలభై పేజీలు. మొత్తం ఎన్ని ఉత్తరాలు వచ్చాయి, అందులో అనుకూలం ఎన్ని, ముద్రణ తేదీ ఏమిటి అనే మూడు చోట్ల మాత్రం ఖాళీలు వదిలారు. ఉత్తరాలన్నీ చదివి ఆ ఖాళీలు పూరించడమే మరదలి ఉద్యోగం.

వదిన ఉత్తరం పదకొండో రోజున వచ్చింది. తొమ్మిది పేజీలు, స్కేలుతో గీసిన మార్జిన్. బట్టలు కొలిచిన చెయ్యి కదా, అంగుళంన్నరకు నూలుపోగు తేడా లేదు. ఇంట్లో ఎంత అడిగినా చూపించలేదు. "ఆఫీసులో చూడు, పద్ధతి ప్రకారం" అంది. మరదలు టీ పక్కన పెట్టుకుని, నవ్వుకుంటూనే మొదలుపెట్టింది.

"అయ్యలారా, నిలబడటం గురించి మీరు నన్ను అడిగి మంచి పని చేశారు. నేను ముప్ఫై ఒక్క ఏళ్ళు పొద్దున తొమ్మిదిన్నర నుంచి రాత్రి ఎనిమిదిన్నర దాకా నిలబడ్డాను. మా కొట్టులో కుర్చీలున్నవి కొనేవాళ్ళకే. బేరం లేకపోయినా మేము కూర్చోకూడదు. కూర్చుంటే కొట్టు బద్ధకంగా కనిపిస్తుందని యజమాని అనేవారు. అందుకని మేము ఆనుకునేవాళ్ళం. ఆనుకోవడం గురించి నాకు తెలిసినంత మీ సంఘంలో ఎవరికీ తెలియదని అనుకుంటున్నాను. మొదటి పది నిమిషాలు బాగుంటుంది. తర్వాత నడుం పట్టేస్తుంది. నడుం కోసం పక్కకు జరిగితే మోకాలు అడుగుతుంది. మోకాలి కోసం కాలు మారిస్తే మడమ అడుగుతుంది. ఒంట్లో ఒక్కొక్కటీ వంతులేసుకుని అడుగుతాయి. ఆనుకోవడమంటే కూర్చోవడానికి చోటు లేనివాళ్ళు చేసే పని. అది విశ్రాంతి కాదు.

"మా అమ్మాయి కడుపులో ఉండగా ఏడో నెలలో ఒకనాడు కళ్ళు తిరిగి బట్టల మూట మీద కూర్చున్నాను. నాలుగు నిమిషాలు అయ్యుంటుంది. ఆ రోజు సాయంత్రం వరకూ నన్ను గోదాములో, ఎదురుగా గోడ తప్ప ఏమీ లేని చోట నిలబెట్టారు. ఇంటికెళ్ళి ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే మానెయ్యమనేవారు, మానేస్తే గడిచేది కాదు.

"ఇక మా స్టాపులో బెంచీ గురించి. మా బస్సు నలభై నిమిషాలకొకటి. తొమ్మిది రోజులు కాపలా కాసి, ఎవరెవరు కూర్చున్నారో రాసుకున్నాను..."

తర్వాత నాలుగు పేజీల జాబితా. కాలికి కట్టుతో ఆసుపత్రి నుంచి వచ్చే ముసలాయన. కవలల తల్లి. పనిముట్ల సంచీతో తాపీమేస్త్రీ. ఆ బెంచీ మీదే పడుకునే ఒక మనిషి. సంఘం ఎవరిని లేపాలని ఇదంతా చేస్తోందో ఆ మనిషి. ఆయన గురించి వదిన ఇలా రాసింది: "ఆయన వల్ల మాకు ఏ ఇబ్బందీ లేదు. బస్సు నంబరు కనపడనివాళ్ళకి ఆయనే చదివి చెబుతాడు. ఎవరైనా కూర్చోవాలంటే కాళ్ళు ముడుచుకుంటాడు. మా యజమాని కంటే చాలా నయం."

మరదలు కప్పులో టీ చల్లారి మీగడ కట్టింది. ఇరవై ఆరేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటోంది. ఆ గోదాము సంగతి ఆమెకు తెలియదు. అన్నయ్యకూ తెలిసి ఉండదు.

ఉత్తరం పట్టుకుని మార్జిన్ సారు దగ్గరికి వెళ్ళింది. ఆయన స్కేలు పెట్టి చూశాడు. కనుబొమలు లేచాయి. "భేష్! ఎవరీవిడ? ఇంత చక్కటి మార్జిన్ డిపార్టుమెంటులోనే లేదు." మొదటి పేజీ మీద వేలు పరుగెత్తించాడు. "ఆనుకోవడంలో ముప్ఫై ఒక్క ఏళ్ళ అనుభవం. ఇంకేం? అనుకూలం."

"సార్, అది విశ్రాంతి కాదని రాసింది కదండీ."

"పది నిమిషాలు బాగుంటుందని కూడా రాసిందిగా? దాన్నే తీసుకో."

మరదలు ఉత్తరం వెనక్కి తీసుకుంది. ఆమెది ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. ఆ ఏడాది కాగితం ఇంకా ఆయన సొరుగులోనే ఉంది. బల్ల దగ్గరికి వచ్చి ఉత్తరాన్ని మొదటి పెట్టెలో వేసి, సారాంశం గడిలో ఆయన చెప్పిందే టైపు చేసింది. "వినతి సంఖ్య 1187: ఆనుకొను విధానంలో దీర్ఘానుభవం గల మహిళ. అనుకూలం."

ఇంటికి వెళ్తే వదిన గుమ్మంలోనే ఉంది. "చదివావా?"

"చదివాను."

"మీ వాళ్ళేమన్నారు?"

"మార్జిన్ చాలా బాగుందన్నారు."

వదినకు అదే చాలు. నాలుగు రోజుల తర్వాత "మీ వినతి అందినది" అని అచ్చు కార్డు కూడా రావడంతో ఆవిణ్ణి పట్టడానికి వీల్లేకపోయింది. టైలరు కొట్టులో కత్తిరింపు బల్ల మీద కాగితాలు పరిచి, వీధి వీధంతటినీ పిలిచి రాయించింది. తాపీమేస్త్రీ చెబితే తను రాసి వేలిముద్ర వేయించింది. కవలల తల్లి ఒకణ్ణి చంకలో, ఒకణ్ణి వదిన ఒళ్ళో పెట్టి రాసింది. బెంచీ మీద పడుకునే మనిషి తన చేతి రాతతోనే ఒక పేజీ రాసిచ్చాడు. చిరునామా దగ్గర "పై విషయంలో పేర్కొన్న బెంచీ" అని రాశాడు. మొత్తం రెండు వందల పన్నెండు ఉత్తరాలు ఒకే సంచీలో మూడో అంతస్తు చేరాయి.

మార్జిన్ సారు సంచీ విప్పి చూసి మొహం చిట్లించాడు. "అన్నీ ఒకే రకం కాగితం, ఒకే సిరా. ఇది వ్యవస్థీకృత ప్రచారం. అన్నీ కలిపి ఒకటిగా లెక్కించు. అసంబద్ధం."

"మరి కడ్డీల కంపెనీ డీలర్ల నుంచి నలభై ఆరు వచ్చాయి సార్. అన్నిట్లోనూ ఒకటే వాక్యాలు. ఒకే అచ్చుతప్పు కూడా. 'విశ్రాంతి' బదులు 'విభ్రాంతి' అని ఉంది."

"అవి లెటర్‌హెడ్ల మీద వచ్చాయమ్మా. నలభై ఆరు సంస్థలు. నలభై ఆరూ అనుకూలం."

నెల తిరిగేసరికి సంఘం నుంచి వదినకు కవరొచ్చింది. ఆదివారం పొద్దున, మరదలు జుట్టు ఆరబెట్టుకుంటోంది. వదిన కవరు చింపి, వాకిట్లో వెలుతురుకి పట్టుకుని పైకే చదివింది. "మీరు తెలిపిన అనుకూల అభిప్రాయానికి సంఘం కృతజ్ఞతలు తెలుపుకుంటున్నది. బహిరంగ విచారణకు హాజరై రెండు నిమిషాలు మాట్లాడవలసిందిగా..." ఆగింది. అడుగున ఉన్న సారాంశం చదువుకుంది.

"ఇది ఎవరు రాశారమ్మా?"

అబద్ధం చెప్పొచ్చు. ఆఫీసులో నలుగురు టైపిస్టులున్నారని చెప్పొచ్చు. "నేనే వదినా" అంది మరదలు.

"చదివే రాశావా?"

"చదివే రాశాను."

వదిన కాగితాన్ని మడత మీద మడత పెట్టింది, గుడ్డ తాను చుట్టినట్టు. "ముప్ఫై ఏళ్ళు నిలబడినా నా వల్ల విశ్రాంతి కానిదాన్ని నువ్వు కూర్చుని ఒక్క లైనులో విశ్రాంతి చేసేశావు కదే" అంది. గొంతు పెంచలేదు. వదిన "ఏమే" అనడం, "కదే" అనడం మరదలు ఎప్పుడూ వినలేదు.

సాయంత్రం మరదలే వెళ్ళి, పక్కన చతికిలబడి, పెట్టెల సంగతి, ఖాళీలు వదిలిన నివేదిక సంగతి, సంచీడు ఉత్తరాలు ఒకటైపోయిన సంగతి, సొరుగులో ఉన్న తన కాగితం సంగతి మొత్తం చెప్పేసింది. వదిన అంతా విని ఒక్కటే అడిగింది.

"మరి నన్నెందుకు పిలిచారు?"

"అనుకూలం అన్నవాళ్ళనే పిలుస్తారు వదినా."

"ఓహో" అంది వదిన. "అయితే నువ్వు తప్పు రాయబట్టే నాకు పిలుపొచ్చిందన్న మాట." కాగితం మడతలు విప్పి తేదీ చూసుకుని, "వెళ్తాను" అంది.

విచారణ రోజున మూడో అంతస్తు వరండాలో డెబ్భైమంది వరసలో ఉన్నారు. అక్కడ కుర్చీ అన్నది లేదు. లోపల మాత్రం పొడవాటి బల్ల వెనక ఏడుగురు సభ్యులు, తిరిగే మెత్తటి కుర్చీల్లో. మధ్యలో అధ్యక్షుడు, ఎప్పుడో రిటైరైన పెద్ద అధికారి. ఇది ఆయనకు పంతొమ్మిదో విచారణ సంఘం. మూలన కంప్యూటరు ముందు మరదలు. తలుపు దగ్గర చేతిలో గంటతో మార్జిన్ సారు. కడ్డీల కంపెనీ డీలర్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, నిలువు విశ్రాంతి వెన్నెముకకు ఎంత మంచిదో చెప్పి వెళ్ళారు.

రెండు గంటల పది నిమిషాలు వరండాలో నిలబడ్డాక వదిన వంతు వచ్చింది. మైకు ముందుకు వచ్చి, కొంగు సర్దుకుని, అందరినీ ఒకసారి చూసింది.

"అయ్యా, నా రెండు నిమిషాలకి ముందు దయచేసి అందరూ లేచి నిలబడతారా?"

అధ్యక్షుడి ముఖం గంభీరమైంది. ఇలాంటివి ఆయనకు అలవాటే. లేచాడు. ఆయన లేవడంతో ఆరుగురూ లేచారు. చేతులు కట్టుకుని తలలు వంచుకున్నారు. మార్జిన్ సారు గంట చంకలో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఒక సభ్యుడైతే నిట్టూర్చాడు కూడా.

వదిన గోడ గడియారం వైపు చూస్తూ నిలబడింది.

నిమిషం గడిచింది. లావుపాటి సభ్యుడు ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చాడు. నిమిషంన్నరకు చివరి సభ్యుడి చెయ్యి బల్ల అంచు వెతుక్కుంది. అధ్యక్షుడు తల ఎత్తకుండానే పక్కవాణ్ణి గుసగుసగా అడిగాడు. "ఎవరండీ పోయింది?" పక్కవాడు భుజాలెగరేశాడు.

రెండు నిమిషాలు పూర్తయ్యాక వదిన మైకు దగ్గరికి వంగింది. "ఎవరూ పోలేదండీ. ఇది రెండు నిమిషాలు. మా బస్సుకి ఇలాంటివి ఇరవై. అంతే నేను చెప్పేది. ఇక కూర్చోండి, పాపం."

వరండాలో ఎవరో ఫక్కున నవ్వారు. నవ్వు వరస పొడుగునా పాకింది. మార్జిన్ సారు గంట కొట్టడం మరిచిపోయి, గుర్తొచ్చి, మూడుసార్లు కొట్టాడు. మరదలు తల కంప్యూటరు వెనక దాచేసింది.

నివేదిక పదిహేను రోజుల్లో అచ్చయింది. నూట పన్నెండో పేజీలో కొత్తగా ఒక పేరా చేర్చమని మార్జిన్ సారు చెబుతుంటే మరదలు టైపు చేసింది. "సభ్యులు స్వయంగా నిలబడి పరిశీలించారు. నిలబడుటలో ఎట్టి అసౌకర్యమూ కలుగలేదని, పైగా కొంత ప్రశాంతత కలిగినదని ఏకగ్రీవంగా అభిప్రాయపడ్డారు."

ఆమె వేళ్ళు ఆగాయి. ఆయన అటు తిరగ్గానే మళ్ళీ కదిలాయి. నివేదికకు ఎనిమిది అనుబంధాలున్నాయి. ఆమె తొమ్మిదోది చేర్చింది. వదిన తొమ్మిది పేజీలూ, గోదాముతో సహా, అక్షరం పొల్లుపోకుండా. పేజీలు పెరగకుండా అక్షరాలు చీమతలలంత పెట్టింది. పట్టుబడితే ఉద్యోగం పోతుందని తెలుసు. మార్జిన్ సారు ప్రతి పేజీకీ స్కేలు పెట్టి కొలిచి, ప్రతి పేజీ మీదా సంతకం చేశాడు. అధ్యక్షుడు సంతకం చేశాడు. మంత్రిగారు విడుదల చేశారు. ఎనిమిది అనుబంధాలుండాల్సిన చోట తొమ్మిదున్నాయని ఇప్పటికీ ఎవరూ కనుక్కోలేదు. ఆమెకు ఇంకో ఏడాది పొడిగింపు కూడా వచ్చింది.

బెంచీలు ఒక మంగళవారం పోయాయి. లారీ వచ్చింది, నలుగురు మనుషులు దిగి బోల్టులు విప్పారు. బెంచీ మీద పడుకునే మనిషి లేచి, దాన్ని ఎత్తడానికి తనూ ఒక చెయ్యి వేశాడు. మధ్యాహ్నానికి కడ్డీ బిగించారు. అది వదిన భుజాలదాకా వచ్చింది. ఎవరి నడుం కొలిచారో తెలియదు.

విచారణలో మాట్లాడినవాళ్ళకు నివేదిక ప్రతి ఒకటి ఉచితంగా పంపారు. వదిన దాన్ని తెరవనైనా లేదు, తీసుకెళ్ళి భర్త కొట్టులో పడేసింది. "చుట్టడానికి పనికొస్తుంది" అంది. ఆయన బేరం లేని ఒక ఆదివారం పొద్దున పేజీలు తిప్పుతూ తొమ్మిదో అనుబంధం దగ్గర ఆగాడు. అంత చిన్న అక్షరాలు చదవగలిగే మనిషి ఆ ఊళ్ళో ఆయనొక్కడే అయ్యుంటాడు. గడియారాల భూతద్దం కంటికి తగిలించుకుని చదివాడు.

మధ్యాహ్నం భోజనానికి వచ్చి తినలేదు.

"ఆ గోదాము..." అన్నాడు.

"ఏ గోదాము?" అంది వదిన, పళ్ళెం ముందుకు జరుపుతూ.

"నాకు చెప్పలేదు."

"మీరు అడగలేదు."

ఆయన పళ్ళెం పక్కకు జరిపాడు. లేచి ఇంట్లో ఉన్న చేతుల కుర్చీ ఎత్తి భుజాన పెట్టుకున్నాడు. "ఎక్కడికి?" అని చెల్లెలు వెనకాల పడింది. ఆయన ఆగలేదు. వీధంతా చూస్తుండగా నడుచుకుంటూ వెళ్ళి, బస్‌స్టాపులో కడ్డీ కింద కుర్చీ వేసి, నాలుగు కాళ్ళూ సమంగా ఉన్నాయో లేదో వంగి చూసి, కొట్టుకు వెళ్ళి కూర్చున్నాడు.

సాయంత్రానికి టైలరు ముక్కాలి పీట పక్కన చేరింది. మర్నాడు తాపీమేస్త్రీ ఇటుకలు పేర్చి పలక వేశాడు. కవలల తల్లి రెండు బుల్లి కుర్చీలు తెచ్చింది. ఎవరో చెయ్యి విరిగిన సోఫా తెచ్చారు. దాన్ని బెంచీ మనిషికి కేటాయించారు. కడ్డీ మీద తడి గొడుగులు ఆరేసుకోవడం మొదలుపెట్టారు. వారం తిరక్కుండా ఈ జబ్బు ఇంకో ఆరు స్టాపులకు అంటుకుంది.

ఇక ప్రభుత్వం ఊరుకుంటుందా? పేపరులో ప్రకటన పడింది. "బస్‌స్టాపులలో అనధికార ఆసనాల బెడదపై ప్రజలు తమ అభిప్రాయాలను..." మరదలు దాన్ని వదినకు చూపించి, "ఈసారి వ్యతిరేకానికి కూడా పెట్టె పెడుతున్నారు, కుర్చీలకు వ్యతిరేకం కాబట్టి" అంది. వదిన ఫక్కున నవ్వింది. కవరు విప్పిన ఆదివారం తర్వాత మరదల్తో ఆవిడ నవ్వడం అదే మొదలు. రాస్తావా అంటే, "తీరిక లేదమ్మా, బస్సుకి వెళ్ళాలి" అంది.

ఆసనాలను స్వయంగా లెక్కించి రమ్మని మార్జిన్ సారును పంపారు. నడినెత్తి మీద ఎండ. అప్పటికి ఆరు స్టాపులు నడిచాడు. ఏడో స్టాపులో వదిన చేతుల కుర్చీలో కూర్చుని బఠాణీలు వలుస్తోంది. బహిరంగ విచారణ తాలూకు మనిషని ఆయన పోల్చుకోలేదు. ఆవిడ మాత్రం పోల్చుకుంది.

"ఈ కుర్చీలు ఎవరివి?" అని గట్టిగా అడిగాడు.

అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "మేం వచ్చేసరికే ఉన్నాయి సార్" అన్నాడు టైలరు.

ఆయన స్కేలు తీసి సోఫా పొడవు కొలిచాడు. చెమట కళ్ళల్లోకి కారింది. కాగితం ఎక్కడ పెట్టి రాయాలో తెలియక కడ్డీ మీద పెట్టి చూశాడు, జారిపోయింది. వదిన పక్కనున్న ముక్కాలి పీట కాలితో ఆయన వైపు తోసింది. ఆయన అటూ ఇటూ చూశాడు. కూర్చున్నాడు. కాగితం ఒళ్ళో పెట్టుకుని, ముందు మార్జిన్ గీసుకుని, పీట మీంచి లేవకుండానే వేలు చూపిస్తూ ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. ఆ స్టాపులో పంతొమ్మిది ఉన్నాయని వదినకు తెలుసు. ఆయన పద్దెనిమిది రాసుకున్నాడు.

"సరిగ్గా లెక్కపెట్టారా?" అంది వదిన.

"రెండుసార్లు" అన్నాడు ఆయన, కాళ్ళు బారజాపుకుంటూ. "ఆఫీసు వైపు బస్సు ఎప్పుడండీ?"

"ఇప్పుడే వెళ్ళింది. ఇంకో నలభై నిమిషాలు."

సోఫా మీది మనిషి కాళ్ళు ముడుచుకుని, కావాలంటే ఇటు వచ్చి కూర్చోమన్నాడు. అక్కడైతే వీపుకు ఆనుడు ఉంటుందట. మార్జిన్ సారు ఒక్క క్షణం ఆలోచించి, ఫైలు తీసుకుని అటు మారాడు.